కవిలె కట్ట నుండి కంప్యూటరు పట్టిక వరకు

గోదావరి డెల్టాలో ఎకరం పొలం కొనదలచిన వ్యక్తి ముందుగా మూడు కాగితాల కోసం తిరుగుతాడు. ఆ పొలం ఎవరి ఖాతాలో ఉన్నదో చెప్పే 1-బి నకలు మొదటిది. ఆ యేడు దానిని సాగు చేసినదెవరో, వేసిన పంట ఏదో చెప్పే అడంగల్ రెండవది. దానిపై అమ్మకాలు, తనఖాలు ఏమైనా జరిగినవో లేవో సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ధృవీకరించే ఇ.సి. మూడవది. ఒకనాడు ఇవి ముగ్గురు గుమాస్తాల చేతివ్రాతలో మూడు వేర్వేరు రోజులలో లభించేవి. నేడు మూడూ కంప్యూటరు నుండే వెలువడుతున్నవి. ఇటువంటి లెక్కలకు ఆధారంగా నిలిచే ఏర్పాటును రిలేషనల్ డేటాబేసు అంటారు. సంబంధాత్మక దత్తాంశ నిధి అని తెలుగు చేయవచ్చును గాని, ఏ కార్యాలయంలోనూ ఎవరూ ఆ మాట పలుకరు కనుక మేమును డేటాబేసు అనియే వ్యవహరిస్తాము.

బ్యాంకులలోను, ఆసుపత్రులలోను, రెవెన్యూ, రిజిస్ట్రేషను కార్యాలయాలలోను ప్రతిదినం ఈ పట్టికలను నింపుతూ, వాటి లోపలి నిర్మాణం మాత్రం ఎరుగని సోదరులు చాలామంది ఉన్నారు. వారిని ఉద్దేశించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఉదాహరణలను భూమి లెక్కల నుండే తీసుకొన్నాము. ఎందుచేతనంటే, మన ప్రాంతంలో పట్టికలోని ఒక గడి తప్పయితే ఒక కుటుంబం జీవనాధారమే చిక్కులో పడేది అక్కడనే.

కరణాల కాలంలో గ్రామపు లెక్కల కట్టను కవిలె కట్ట అనేవారు. కవిలె అతని యింట ఉండేది. అందులోని గుర్తులు అతనికే తెలిసేవి. ఫలానా సర్వే నంబరు ఎక్కడ ఉన్నదని అడిగితే, చూడకుండానే కట్టలో మధ్యకు వ్రేలు పెట్టి తీయగల కరణాలు ఉండేవారని పెద్దలు చెబుతారు. ఆ నేర్పు మెచ్చదగినదే. అయితే, లెక్క ఎక్కడ ఉన్నదో తెలిసిన మనిషి లేకపోతే లెక్కయే లేనట్లయ్యేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు మొదలైన పార్ట్ టైము గ్రామాధికారుల పదవులను రద్దు చేసినప్పుడు, లెక్కలను స్వాధీనం చేసుకొనడం ఒక యెత్తు, వాటిని చదివి అర్థం చేసుకొనడం మరొక యెత్తు అయినది.

కంప్యూటర్ల ప్రపంచంలోనూ తొలినాళ్ళలో ఇదే స్థితి ఉండేది. 1960లలో సమాచారాన్ని చెట్టు కొమ్మల వలెనో, గొలుసు కొక్కెముల వలెనో అమర్చేవారు. ఏ కొక్కెం పట్టుకొని ఎటు పోవలెనో ప్రోగ్రాము వ్రాసినవానికే తెలిసేది. అమరిక మారితే ప్రోగ్రాములన్నీ తిరిగి వ్రాయవలసివచ్చేది. 1970లో ఐ.బి.ఎం. సంస్థ శాన్ హోజె పరిశోధనశాలలో పనిచేస్తున్న ఇ.ఎఫ్. కాడ్ అనే ఆంగ్లేయ గణితవేత్త ఒక వ్యాసం ప్రకటించి, సమాచారమంతా సాదా పట్టికలుగానే కనిపించవలెననీ, అడిగేవాడు తనకేమి కావలెనో చెప్పితే చాలుననీ, అది ఎక్కడ ఉన్నదో వెదకే భారం యంత్రానిదేననీ ప్రతిపాదించినాడు. ఐ.బి.ఎం.లోనే చాంబర్లిన్, బాయిస్ అనువారు 1974లో ఆ పట్టికలను ప్రశ్నించే భాషను రూపొందించినారు. అదే నేటి ఎస్.క్యు.ఎల్. 1979లో ఒరాకిల్ విపణిలోకి వచ్చినది. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించినది. ఒక్క వాక్యంలో చెప్పవలెనంటే, కరణం వ్రేలితో తీసే పనిని ఎవరైనా అడిగి తీయించుకొనగలిగేటట్లు చేసినవాడు కాడ్.

పట్టిక అనగా అందరూ ఎరిగినదే: వరుసలు, కాలములు, వాటి కూడలిలో గడులు. నియమాలు మాత్రం కొంచెం కఠినమైనవి. ఒక గడిలో ఒకే విలువ ఉండవలెను. ప్రతి వరుసను తక్కిన వరుసల నుండి వేరుచేసే గుర్తు ఒకటి ఉండవలెను; దీనిని ప్రైమరీ కీ అంటారు. పేరును ఇట్టి గుర్తుగా వాడరాదని అనుభవజ్ఞులు పదేపదే చెబుతారు. మన జిల్లాలలో సత్యనారాయణ, సూర్యనారాయణ అన్న పేర్లు ఊరికి ఎందరికి ఉంటాయో చెప్పనక్కరలేదు. ముస్లిం కుటుంబాల పేర్ల విషయంలో చిక్కు వేరొక రకమైనది. ఉర్దూలో ఒకే విధంగా వ్రాసే పేరు తెలుగు రిజిస్టర్లలోకి వచ్చేసరికి ఒకచోట రహమాన్, ఒకచోట రెహమాన్, మరొకచోట రహిమాన్ అవుతుంది. మొహమ్మద్, మహమ్మద్, ముహమ్మద్, పొట్టిగా ఎం.డి. అయి కూర్చుంటాడు. మనిషి ఒక్కడే; కంప్యూటరుకు మాత్రం నలుగురు. తండ్రి ఆస్తిని కొడుకు పేర మార్చవలసివచ్చిన రోజున ఈ నలుగురూ ఒక్కరేనని నిరూపించే శ్రమ ఆ కుటుంబంపై పడుతుంది. అందుకే వ్యక్తికి ఖాతా సంఖ్య, పొలానికి సర్వే నంబరు అని వేర్వేరు గుర్తులు అవసరమైనవి.

ఇక ఒక పొలానికి యజమాని ఒక్కడే అయితే చిక్కు లేదు. ఒకనికి పది కమతాలు ఉండవచ్చు. ఒక కమతంలో నలుగురు అన్నదమ్ములకు వాటాలు ఉండవచ్చు. పొలాల పట్టికలో యజమాని అని ఒకే గడి పెడితే నలుగురిలో ముగ్గురు ఎగిరిపోతారు. నలుగురి పేర్లూ ఆ గడిలోనే ఇరికిస్తే ఎవరి వాటా ఎంతో అడిగినప్పుడు యంత్రం చెప్పలేదు. సరియైన మార్గం మూడు పట్టికలు: వ్యక్తులకు ఒకటి, పొలాలకు ఒకటి, ఈ ఇద్దరినీ కలిపి వాటాను తెలిపే మూడవది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఆరంభమైన రీసర్వేలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. నంబర్లు ఇచ్చినప్పుడు, కొన్నిచోట్ల అనేక యజమానుల భూమిని ఒకే నంబరు క్రింద చేర్చినారు. వీటికి జాయింట్ ఎల్.పి.ఎం. అని పేరు వచ్చినది. తమ భాగం వేరుగా కనబడనందున అమ్ముకొనడానికి, అప్పు తెచ్చుకొనడానికి రైతులు ఇబ్బందిపడి, విభజన కోరుతూ మళ్ళీ అర్జీలు పెట్టుకొనవలసివచ్చినది. మూడవ పట్టికను నిర్లక్ష్యం చేయరాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఒక విషయాన్ని ఒకేచోట వ్రాయవలెనన్నది మరొక నియమం. నార్మలైజేషను అన్న పెద్దమాటకు సారాంశం అంతే. శబరి గోదావరిలో కలిసే కూనవరాన్ని చూడండి. 1959 వరకు అది తూర్పు గోదావరి జిల్లాలోని భద్రాచలం తాలూకాలోనిది. ఆ యేడు ఖమ్మం జిల్లాకు వెళ్ళినది. 2014లో తిరిగి తూర్పు గోదావరికి వచ్చినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఇది చాలదన్నట్లు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. అక్కడి ప్రతి పొలపు వరుసలోను జిల్లా పేరు వ్రాసిపెట్టుకొంటే, మార్పు జరిగిన ప్రతిసారి వేల గడులు దిద్దవలెను. పది గడులు మరచినా లెక్కలో రెండు జిల్లాలు నిలుస్తాయి. పొలం వరుసలో గ్రామపు గుర్తు సంఖ్య మాత్రమే ఉంచి, ఆ గ్రామం ఏ జిల్లాలోనిదో గ్రామాల పట్టికలో ఒక్కచోట వ్రాస్తే, ఒక్క గడి దిద్దితే సరిపోతుంది. ఈ విధంగా ఒక పట్టికలోని వరుస మరొక పట్టికలోని గుర్తును చూపుటను ఫారిన్ కీ అంటారు. లేని గ్రామాన్ని చూపబోతే డేటాబేసు అంగీకరించదు. ఇక్కడ ఒక సూక్ష్మం కూడా ఉన్నది. 1958 నాటి దస్తావేజు నకలు కోరినవానికి నాటి జిల్లా పేరే కనబడవలెను గదా! కాబట్టి గ్రామాల పట్టికలో పాత పేరును చెరిపివేయక, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఏ జిల్లా అన్నది కూడా వ్రాసి ఉంచవలెను.

గడిలో ఏ జాతి విలువ ఉండవలెనో ముందుగానే నిర్ణయించుట మరొక లక్షణం. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. 5/2 అన్నది సర్వే నంబరులోని సబ్ డివిజను. దీనిని సాధారణ స్ప్రెడ్ షీటులో కొట్టితే అది తేదీగా మారి కూర్చుంటుంది. 1.10 అంటే ఎకరం పది సెంట్లు. చివరి సున్న రాలిపోయి 1.1 అని అచ్చయితే, చదివేవాడు ఎకరం ఒక్క సెంటు అనుకొంటాడు. తొమ్మిది సెంట్లు తగాదా పెట్టడానికి మన గ్రామాలలో చాలును. కావున సర్వే నంబరును అక్షరాలుగాను, విస్తీర్ణాన్ని రెండు దశాంశ స్థానాలు గల స్థిరసంఖ్యగాను ప్రకటించవలెను. ఫసలీని వేరుగా నిలువ చేయనక్కరలేదు. ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఆ తేదీనాటి సంవత్సరం నుండి 590 తీసివేస్తే 2024 జూలైలో మొదలైనది 1434 అని యంత్రమే లెక్కవేస్తుంది. ప్రసంగవశాన ఒక మాట: ఫసలీ, జమాబందీ, తహసీలు, దస్తావేజు, అసలు, నకలు, ఇవన్నీ ఉర్దూ తెలుగులకు ఉమ్మడి సొత్తయిన పదాలు. ఈ లెక్కలను చదవడంలో మన విద్యార్థులకు ఇతరులకంటె ఒక మెట్టు అనుకూలమే ఉన్నది.

లిపి విషయం కూడా నిలువకు సంబంధించినదే. నేడు బహుళంగా వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు చిహ్నానికి మూడు పడుతుంది. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లు కూడా వేర్వేరు చిహ్నాలే. రాజమండ్రి అన్న మాట ఆంగ్లంలో 11 బైట్లు, ఉర్దూలో 16, తెలుగులో 27. సూర్యనారాయణమూర్తి అన్న పేరుకు 51 బైట్లు కావలెను. పేరు కాలమునకు 30 బైట్లు చాలునని ఆంగ్లాన్ని మనసులో ఉంచుకొని నిర్ణయించినవాని పట్టికలో ఆ పెద్దమనిషి పేరు సగమే పడుతుంది, లేదా అసలే పడదు.

ఈ వరుసలన్నీ డిస్కుపై పుటలుగా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో పుట పరిమాణం 8 కిలోబైట్లు, మై ఎస్.క్యు.ఎల్.లో సాధారణంగా 16. వరుస 200 బైట్లనుకొంటే 8 కిలోబైట్ల పుటలో నలభై వరుసలు పడతాయి. ఒక్క వరుస కావలసినా పుట మొత్తం చదవవలసినదే. కోటి వరుసలలో ఒకదానిని వెదకడానికి పుటలన్నీ తిరగవేయనక్కరలేకుండా ఇండెక్సు ఉంటుంది. ఈ ఆలోచన రిజిస్ట్రేషను శాఖకు క్రొత్త కాదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమే ఒకటవ ఇండెక్సును వ్యక్తుల పేర్ల ప్రకారం, రెండవ ఇండెక్సును ఆస్తుల ప్రకారం ఉంచవలెనని విధించినది. ఇ.సి. కోసం పూర్వం గుమాస్తా తిరగవేసినది ఆ రెండవ ఇండెక్సునే. 1998 నవంబరులో కార్డ్ అను పేరుతో ఆంధ్రప్రదేశ్‌లోని రిజిస్ట్రేషను కార్యాలయాలను కంప్యూటరీకరించినప్పుడు, రోజులు పట్టే ఆ పని నిమిషాలలోకి వచ్చినది.

కంప్యూటరు ఇండెక్సు నిర్మాణం మన కాలువల వంటిది. ధవళేశ్వరం హెడ్డు దగ్గర నీరు ప్రధాన కాలువలోకి, దాని నుండి ఉపకాలువలోకి, దాని నుండి పంట బోదెలోకి పోయి చేనికి చేరుతుంది. ఏ చేను కావలెనో తెలిస్తే హెడ్డు నుండి మూడు నాలుగు మలుపులలో చేరుకొనవచ్చు. బి-ట్రీ అనే ఈ ఏర్పాటులో ఒక్కొక్క పుట మూడు వందల దారులను చూపితే, మూడు మలుపులకు 2 కోట్ల 70 లక్షల వరుసలలో ఏదయినా అందుతుంది. అలాగని ప్రతి కాలమునకు ఇండెక్సు కట్టడం తెలివి కాదు. క్రొత్త వరుస చేరినప్పుడల్లా ప్రతి ఇండెక్సునూ దిద్దవలెను కనుక వ్రాత పని మందగిస్తుంది. ఏ ప్రశ్నలు తరచుగా వస్తున్నవో గమనించి కట్టుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన లక్షణం ట్రాన్సాక్షను. రెండెకరాలలో ఎకరం అమ్మినప్పుడు అమ్మినవాని ఖాతాలో ఎకరం తగ్గవలెను, కొన్నవాని ఖాతాలో ఎకరం పెరగవలెను. మొదటి పని జరిగి రెండవది జరగకముందే కరెంటు పోయినదనుకొందాము. ఆ ఎకరం ఎవరిదీ కాకుండా పోతుంది. డేటాబేసు ఈ రెండింటినీ విడదీయరాని ఒకే పనిగా భావిస్తుంది. జరిగితే రెండూ జరుగుతాయి, లేకున్న రెండూ జరగవు. ఒకే పొలాన్ని రెండు బల్లల దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో మార్చబోతే ఒకరిని ఆపి ఉంచుతుంది. ఇది ఎట్లు సాధ్యమన్న ప్రశ్నకు జవాబు మన వర్తకుల వద్దనే ఉన్నది. వారు ప్రతి బేరాన్ని ముందు చిట్టాలో వ్రాసుకొని, తరువాత తీరికగా ఆవర్జాలో ఖాతాల వారీగా ఎక్కించేవారు. డేటాబేసు కూడా మార్పును ముందుగా లాగ్ అనే చిట్టాలో వ్రాసి, అది డిస్కుపై భద్రమయిన పిదపనే పని అయినదని చెబుతుంది. మధ్యలో యంత్రం ఆగిపోయినా, లేచిన వెంటనే చిట్టా చదివి పూర్తి అయినవాటిని ఎక్కించి, కానివాటిని కొట్టివేస్తుంది.

నిర్వహణ అనేది దీని తరువాతి మెట్టు. ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఎవరు ఆమోదించవచ్చు అన్న మూడు హక్కులూ ఒకే చేతిలో ఉండరాదు. ఒకరి పాస్‌వర్డును మరొకరు వాడుకొనడం కార్యాలయాలలో మర్యాదగా చెలామణి అవుతున్నది. మా దృష్టిలో అది సంతకం చేసిన ఖాళీ కాగితం ఇచ్చుటతో సమానం. ఎవరు, ఎప్పుడు, ఏ గడిని దేని నుండి దేనికి మార్చినదీ చెరపరాని పట్టికలో నమోదు కావలెను.

బ్యాకప్ సంగతి డెల్టావాసులకు విడమరచి చెప్పవలసిన పని లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమను నేలమట్టం చేసినది. నకలు ఉన్న పెట్టె కూడా అసలు ఉన్న గదిలోనే ఉంటే అది నకలు కాదు. కనీసం ఒక ప్రతి డెల్టా వెలుపల, నదికీ సముద్రానికీ దూరంగా ఉండవలెను. నిప్పు కూడా తక్కువది కాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో భూముల దస్త్రాలు కాలిపోయిన సంగతి పత్రికలలో చదివియున్నాము. బ్యాకప్ తీయడంతో బాధ్యత తీరదు. దానిని ఖాళీ యంత్రంపై తిరిగి నిలబెట్టి, నిన్నటి లెక్కతో సరిచూసి, ఎన్ని గంటలు పట్టినదో వ్రాసి ఉంచుకొన్నవాడే నిజమైన నిర్వాహకుడు. ఏడాదికొకసారి అయినా ఈ పరీక్ష జరపని కార్యాలయానికి బ్యాకప్ ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఖాళీ గడి విషయానికి వస్తున్నాము. విలువ తెలియని గడిని డేటాబేసులో నల్ అంటారు. నల్ అనగా సున్న కాదు, ఖాళీ అక్షరం కాదు. తెలియదు అని అర్థం. దీనివలన ఒక విచిత్రం జరుగుతుంది. పట్టాదారు ప్రభుత్వమైన పొలాలు చూపుమంటే నల్ ఉన్న పొలం రాదు. పట్టాదారు ప్రభుత్వం కాని పొలాలు చూపుమన్నా అది రాదు. తెలియనిదానిని దేనితో పోల్చినా జవాబు తెలియదనే కనుక, అది రెండు జాబితాల నుండీ జారిపోతుంది.

ఆంధ్ర జిల్లాల రైతులకు ఈ నల్ బాగా పరిచయం; వారు దానిని చుక్కల భూమి అంటారు. బ్రిటిషువారి కాలపు రీసెటిల్మెంటు రిజిస్టరులో, అనగా మనవారు డైగ్లాట్ అని పిలిచే రెండు భాషల పుస్తకంలో, సర్వే నాడు యజమాని ఎవరో తేలని పొలాలకు పట్టాదారు గడిలో చుక్కలు పెట్టి వదలినారు. ఆ చుక్కలకు అర్థం తెలియదు అని మాత్రమే. తరాలు గడిచినవి, దున్నినవారు దున్నుతూనే ఉన్నారు, శిస్తు కట్టినారు, అమ్మకాలు కొనుగోళ్ళు కూడా జరిగినవి. తరువాతి కాలంలో ఆ చుక్కలను ప్రభుత్వం అని చదివి, అట్టి భూములను రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను క్రింద నిషేధిత జాబితాలో చేర్చినారు. ఆడపిల్ల పెళ్ళికి అరెకరం అమ్ముకొందామని వెళ్ళిన రైతుకు రిజిస్ట్రేషను కుదరదన్న జవాబు వచ్చినది. ఈ చుక్కలను సరిదిద్దడానికే 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసివచ్చినది. 2023 మే నెలలో దాదాపు రెండు లక్షల ఎకరాల చుక్కల భూములను నిషేధం నుండి తప్పించినారు. నల్‌ను మరొక విలువగా చదివిన ఒక్క నిర్ణయానికి ఇంత మూల్యం.

మన డెల్టాలో దీనికి తమ్ముడి వంటిది అడంగల్‌లోని సాగుదారు గడి. ఇక్కడ వరి పండించేవారిలో కౌలుదారులు ఎందరో ఊరివారందరికీ తెలుసును. కాని 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, కౌలు కార్డు కావలెనంటే యజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం ఉండవలెనన్నది. గడిలో కౌలుదారు పేరు ఎక్కితే భూమికే ముప్పు అని యజమాని భయం. అతని సంతకం లేనిదే తనకు బ్యాంకు అప్పు, తుఫాను నష్టపరిహారం రావని కౌలుదారు భయం. ఫలితంగా ఆ గడిలో యజమాని పేరే పడుతుంది, లేదా ఏమీ పడదు. పట్టికను మాత్రం చదివేవానికి కౌలు అన్నది ఆ గ్రామంలో లేనే లేదు.

డేటాబేసు ఈ తగవును తీర్చలేదు. అయితే పట్టికను రూపొందించేవారు ఆ గడి ప్రక్కన మరొక కాలము పెట్టి, దానిని ఖాళీగా వదలుటకు వీలులేదని కట్టడి చేయవచ్చు. యజమానియే సాగు చేస్తున్నాడు, కౌలుదారు సాగు చేస్తున్నాడు, కౌలుదారు ఉన్నాడు గాని పేరు నమోదు కాలేదు, విచారణ జరగలేదు అని నాలుగు విలువలే అందులో అనుమతించవచ్చు. పొలం చూడడానికి వెళ్ళిన ఉద్యోగి వాటిలో ఒకటి వ్రాయక తప్పదు. అటుపైన మూడవ విలువ ఏ గ్రామంలో ఎన్ని ఎకరాలకు ఉన్నదో తెలుసుకొనడానికి ఎస్.క్యు.ఎల్.లో ఒక్క వాక్యం చాలును.